బడిలో యంత్రము – పంతులమ్మ గుండెదిటవు



పోయిన మాసమున మా పాఠకురాలొకతె వ్రాసిన జాబులో నొక ప్రశ్న గలదు. ఆమె కుమార్తె చదువు బడిలో గోడకు పెద్ద తెరపలక యొకటి బిగించిరట. వ్రేలితో తాకిన బొమ్మ కదలునట, భూగోళము గిరగిర తిరుగునట. అది వచ్చి యేడాది దాటినను, ఆ బాలిక దానిపై పాఠము చూచినది రెండు మాఱులే. తక్కిన దినములందు దానిపై పూలగుడ్డ కప్పియుండును. "సర్కారువారింత ధనము పోసి యిచ్చిన వస్తువును వాడుకొనని పంతులమ్మను సోమరి యనక మఱేమనవలెను?" అని యామె యడిగినది. ఆ తల్లి కోపము న్యాయమైనదే. అయితే యది చేరవలసిన చోటికి చేరలేదని మా యభిప్రాయము.

ఈ ఫిర్యాదు నేడు పుట్టినది గాదు. చలనచిత్రములు కొత్తగ వచ్చిన దినములలో, 1913 ప్రాంతమున, అమెరికాలో థామస్ ఎడిసన్ బడులలో పుస్తకములకు కాలము చెల్లనున్నదని చాటెను. పిమ్మట రేడియో వచ్చెను, దాని వెనుక టెలివిజను వచ్చెను, ఆపైని కంప్యూటరు వచ్చెను. ప్రతిమాఱును నదే తంతు: తొలుత పెద్ద యాశ, తరువాత కొనుగోళ్లు, తుదకు "ఉపాధ్యాయులు సరిగా వాడుట లేదు" అను నింద. లారీ క్యూబన్ అను విద్వాంసుడు ఈ కథనంతయు 1986వ సంవత్సరమున నొక గ్రంథముగా వ్రాసెను. ఆయన ఆచార్యపదవి నందకముందు పలువత్సరములు ఉన్నతపాఠశాలలో చరిత్ర బోధించినవాడు గావున, తరగతిలోని కష్టము నెఱిగినవాడు. ఆయన చెప్పిన సంగతి మాకు మిక్కిలి నచ్చినది. ఉపాధ్యాయుడు తనకు తరగతిలో నెదురగు చిక్కును తీర్చు సాధనమునే చేపట్టును గాని, దూరమున నెవరో యూహించిన చిక్కును తీర్చు సాధనమును చేపట్టడట. నల్లబల్లను చూడుడు. అదియు నొకప్పుడు కొత్త సాధనమే. పందొమ్మిదవ శతాబ్దపు తొలిదినములలో బడులకు వచ్చినది. దానికి కరెంటు అక్కఱలేదు, రహస్యపదము అక్కఱలేదు, నలువదిమంది పిల్లల చూపును ఒక్కచోట నిలుపును, తప్పు వ్రాసిన తుడిచివేయవచ్చును. పంతులమ్మ చేతిలోని సుద్దముక్క ఆమెను ఎన్నడును నలుగురిలో నవ్వులపాలు చేయదు. ఈ కడపటి మాటలోనే మర్మమంతయు నున్నది.

మన దేశమున 1975 ఆగస్టు మొదలుకొని 1976 జూలై వఱకు ఉపగ్రహము ద్వారా పల్లెలకు టెలివిజను పాఠములు ప్రసారము చేసి చూచిరి. ఆఱు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములలో నొక యేడాది జరిగిన యా పరీక్షలో ఆంధ్రప్రదేశమును నుండెను. ఉదయము బడిపిల్లలకు గంటన్నర, సాయంకాలము పెద్దలకు తక్కిన కాలము. ఆ దినములకది యద్భుతమే, సందేహము లేదు. కాని ప్రసారమునకు తన వేళ తనది. పంతులు తీసివేతలు చెప్పుచున్నను సరే, తెరపై మొక్కలనుగూర్చి పాఠము రానున్నచో రాక మానదు. ఆపి మరల చూపుటకు వీలులేదు, ప్రశ్న యడుగుటకు వీలులేదు. అట్టిచోట పంతులు పని పెట్టెను తెఱచుట, మూయుట మాత్రమే యైనచో, దానిపై నాయనకు మమకార మెట్లు కలుగును?

పంతులును ప్రక్కకు నెట్టి పిల్లలకే నేరుగా యంత్రము నిచ్చినచో నేమగునో పెరూదేశము చేసి చూచినది. అచ్చట 2008వ సంవత్సరము మొదలుకొని పల్లెబడుల పిల్లలకు చిన్న లాప్‌టాప్‌లను లక్షలకొలది పంచిరి. 319 బడులలో జరిపిన పరిశోధన ఫలితములు 2012లో వెలువడినవి. పిల్లలు కంప్యూటరు వాడుట యెంతో పెరిగినది. ఆలోచనాశక్తిని కొలుచు కొన్ని పరీక్షలలో కొంచెము మేలు కనబడినది. కాని లెక్కలలోను, భాషలోను ప్రగతి కానరాలేదు. వడ్డించువారు లేని విందువలె నైనది.

ఇక అసలు సంగతికి వత్తము. పెగ్గీ ఎర్ట్‌మర్ అను విద్యాశాస్త్రవేత్త 1999లో ఈ యడ్డంకులను రెండు తెగలుగ విభజించినది. మొదటివి వెలుపలివి: యంత్రము లేకపోవుట, కరెంటు లేకపోవుట, తీరిక లేకపోవుట, నేర్పువారు లేకపోవుట. రెండవవి లోపలివి: చదువనగా నేమి యను విషయమున ఉపాధ్యాయిని మనస్సులో పాతుకొనిన నమ్మకము, తాను చేయగలనో లేనో యను శంక. వెలుపలి యడ్డంకులను ధనముతో తొలగింపవచ్చును. లోపలివి ధనమునకు లొంగవు. ఇది మన యిండ్లలో నెఱుగని సంగతియా? ప్రెషరుకుక్కరు కొత్తగ వచ్చిన దినములలో ఎన్ని యిండ్లలో నది యటకపై కూర్చుండలేదు! కొనుటకు డబ్బు లేక కాదు. ఈల కూత విన్న పెద్దమ్మగారికి గుండె దడ, పైగా "గంజి వార్చని అన్నము అన్నమేనా?" యను నమ్మకము. ఆ రెండును కలిసి కుక్కరును అటక యెక్కించినవి.

నమ్మకము సంగతి ముందుగ జూతము. చదువనగా చెప్పినది విని వల్లించుటయే యని నమ్మిన ఉపాధ్యాయిని చేతికి తెరపలక నిచ్చినచో, ఆమె దానిపై నోట్సు చూపి పిల్లలచేత ఎక్కించును. అది వెలిగెడు నల్లబల్ల మాత్రమే. పిల్లవాడు తానై కొలిచి, తానై తప్పి, తానై దిద్దుకొన్నప్పుడే చదువు వంటబట్టునని నమ్మిన మఱియొక ఉపాధ్యాయిని అదే పలకపై త్రిభుజమును గీసి, దాని మూలను పిల్లలచేతనే లాగించి, కోణములెట్లు మాఱినను వాని మొత్తము మాఱకుండుటను వారిచేతనే కనిపెట్టించును. యంత్రమొక్కటే, బడులు రెండు. ఎన్ని యంత్రములు పంచితిమని లెక్క చెప్పువారికి ఈ భేదము కానరాదు.

గుండెదిటవు సంగతి యింకను సున్నితమైనది. ఆల్బర్ట్ బందూరా యను మనస్తత్త్వశాస్త్రవేత్త 1977లో దీనిని విశదముగ వివరించెను. మనకు శక్తి యుండుట వేఱు, శక్తి యున్నదని నమ్ముట వేఱు. ఆ నమ్మకము నాలుగు త్రోవల వచ్చునట. అన్నింటికంటె బలమైనది స్వయముగ చేసి గెలిచిన యనుభవము. రెండవది తనవంటి వారొకరు చేయగా చూచుట. మూడవది ఇతరులు చెప్పు ధైర్యము. నాలుగవది చేయునప్పటి దేహస్థితి. అరచేతులు చెమర్చి గొంతు తడియారినచో, "ఇది నావల్ల కాదు" అని దేహమే చెప్పినట్లగును. మన శిక్షణ తరగతులు ఈ నాలుగింటిలో దేనిని ఇచ్చుచున్నవో గమనింపుడు. పెద్ద హాలులో వందలకొలది ఉపాధ్యాయులను కూర్చుండబెట్టి, వేదికపై నొక యువకుడు చకచక మీటలు నొక్కి చూపును. చూచువారి కతడు తమవంటివాడు గాడు. వారు తమ చేతులతో చేసినది శూన్యము. ఇక మిగిలినది మూడవది, అనగా ఉపన్యాసము. అది నాలుగింటిలోను బలము తక్కువైనదని మా తలంపు.

మే మెఱిగిన యుపాధ్యాయిని యొకామె గలదు. ఇరువదియేడేండ్లు లెక్కలు చెప్పిన చేయి. శిక్షణ ముగిసిన మఱునాడు తరగతిలో పలకను వెలిగింపబోగా నది రహస్యపదము నడిగెను. ఆమె మరచినది. వెనుకబల్లనుండి నవ్వు. ఒక బాలుడు లేచివచ్చి రెండు క్షణములలో సరిచేసెను. ఇతరుల కది స్వల్పవిషయము. ఆమెకు మాత్రము ఇరువదియేడేండ్ల గౌరవము ఆ క్షణమున జారినట్లైనది. మూడు నెలలు పలకవైపు చూడలేదు. తుదకు ఇంట కోడలు పట్టుబట్టి, రాత్రి భోజనములైన పిమ్మట తన లాప్‌టాప్‌ను ముందుపెట్టి, "అత్తయ్యా, మీరే నొక్కండి, నేను చేయి పెట్టను" అని ప్రక్కన కూర్చుండినది. తప్పినప్పుడెల్ల ఊరకుండినది. ఆ యూరకుండుటయే గొప్ప విద్య యని మే మందుము. సంక్రాంతి సెలవులు ముగియునప్పటికి ఆమె భిన్నముల పాఠమును తానై సిద్ధపఱచుకొన్నది. ఇప్పుడు వెనుకబల్ల బాలుడే ఆమెకు సహాయకుడు. వాని సాయము నడుగుట నామె నామోషీగ తలంపదు.

ఇట్టి కోడలు లేని యిండ్ల మాటయో? 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో, తాము స్వయముగ వాడుకొనుటకు సెల్‌ఫోను గలవారు నూటికి సుమారు 54 మంది మాత్రమే యని తేలినది. మన బడులలోని ఉపాధ్యాయులలో నేడు సగమునకు మించి స్త్రీలే. జీతము తెచ్చు ఇల్లాలికి ఫోనుండవచ్చును. కాని ఇంటికి వచ్చిన కంప్యూటరు ముందు కూర్చుండువారెవరు? కుమారుడు, లేక భర్త. ఆమె వంటింటిలో నుండును. "నీకు తెలియదులే, ఇటివ్వు" అని చేతినుండి లాగికొనుట యెన్ని యిండ్లలో పరిపాటి కాలేదు! ఇంట ఇరువదియేండ్లు ఈ మాట విన్న స్త్రీ, బడిలో యంత్రము ముందు నిలువబడినప్పుడు ఆ మాటనే విన్నచో నాశ్చర్యమేమి?

2020లో మహమ్మారివలన బడులు మూతపడినప్పుడు ఈ సంకోచమునకు తావే లేకపోయెను. తెలంగాణమున సెప్టెంబరు 1వ తేది నుండి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ప్రసారముల ద్వారా పాఠములు సాగెను. ఉపాధ్యాయినులు ఫోను చేతబట్టి ఇల్లిల్లు విచారించిరి. పలువురు ఆ యేడు నేర్చినది పదేండ్ల శిక్షణలో నేర్వలేదు. కొందఱకు మాత్రము ఆ యేటి గాయము మానలేదు. ఎవరు వినుచున్నారో తెలియని తెరతో మాటలాడిన యొంటరితనము యంత్రముపై విముఖతను కలిగించినది. అటుపిమ్మట 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశమున ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, వారి యుపాధ్యాయులకు ట్యాబులు పంచిరి. వస్తువు లోపము క్రమముగ తీరుచున్నది. మనస్సు లోపమునుగూర్చి మాటలాడువారు తక్కువ.

కేరళమువారి పద్ధతి యిచ్చట చెప్పదగినది. 2001లో మొదలైన ఐటీ@స్కూల్ పథకమున, ఉపాధ్యాయులకు నేర్పు పనిని బయటి సంస్థలకు వదలక, బడులలోని యుపాధ్యాయులనుండియే శిక్షకుల నెన్నుకొనిరి. పొరుగు బడిలో జీవశాస్త్రము చెప్పు టీచరమ్మయే వచ్చి నేర్పినచో, "ఆమె చేయగా నేనేల చేయలేను?" అను భావము తానై పుట్టును. బందూరా చెప్పిన రెండవ త్రోవ ఇదియే.

అయినను, పలకపై గుడ్డ కప్పిన ప్రతి పంతులమ్మయు భయస్థురాలే యని యనుకొనరాదు. 2023లో యునెస్కో ప్రపంచ విద్యానివేదిక యంత్రములను విచారింపక తరగతులలో చొప్పించుటనుగూర్చి హెచ్చరించినది. అదే యేడు స్వీడను దేశము అచ్చు పుస్తకములకు, చేతివ్రాతకు మరల ప్రాముఖ్యమిచ్చుటకు పూనుకొన్నది. ఎక్కములు నోటికి రాని పిల్లలకు తెరపై ఆటలు చూపిన ప్రయోజనము లేదని అనుభవముతో చెప్పు ఉపాధ్యాయిని మాటను మన్నింపవలసినదే. వాడి చూచి వలదనుట వివేకము. చేయి పెట్టకయే వలదనుట భయము. ఈ రెంటికిని పైకి రూపమొక్కటే గావున, తొందరపడి తీర్పు చెప్పరాదు.

తల్లులు చేయగలిగినది లేకపోలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము, సర్కారు బడుల యాజమాన్య సంఘములలో నాలుగింట మూడువంతులు తలిదండ్రులే, సభ్యులలో సగము స్త్రీలే యుండవలెను. ఈ సమావేశములకు మనలో పలువురము వేలిముద్రకో, సంతకమునకో పోయి వచ్చుచున్నాము. ఈమాఱు పోయినప్పుడు యంత్రములెన్ని వచ్చినవని యడుగక, ఈ ప్రశ్నలడుగుడు. అది చెడినచో బాగుచేయువారెవరు? ఎన్ని దినములలో? పగిలినచో టీచరమ్మ జీతమున కోత పడునా? ఆ భయమున్నచో ఏ ప్రధానోపాధ్యాయుడైనను బీరువాకు తాళము వేయకుండునా? సెలవులలో ట్యాబును ఇంటికి గొనిపోయి అభ్యసించుట కామెకు అనుమతి గలదా? వారమున నొక గంట, పిల్లలు లేని వేళ, తోటి ఉపాధ్యాయినితో కూర్చుండి తప్పులు చేయుటకు తీరిక యిచ్చిరా?

జాబు వ్రాసిన సోదరి తన బడి సంఘమున సభ్యురాలో కాదో మాకు తెలుపలేదు. ఉపాధ్యాయినులైన మా పాఠకురాండ్రు తమ యనుభవములను వ్రాసి పంపినచో, పేరును ఊరును ప్రకటింపకయే రాబోవు సంచికలలో ప్రచురింతుము.