నాగా నగరపాలకుడు జెస్సీ రొబ్రేడో

మంచి పాలకుడు దొరకుట యొక యూరి యదృష్టము. కాని యదృష్టమును నమ్ముకొని యే యూరును చిరకాలము బ్రతుకజాలదు. మంచివాడు పోయిన మరునాడు ఆ యూరి గతి యేమి? ఈ ప్రశ్నకు తాను పదవిలో నుండగనే జవాబు చెప్పబూనిన పురపాలకులు మిక్కిలి యరుదు. ఫిలిప్పైన్సు దేశమున నాగా నగరమునకు ఆరుమార్లు మేయరుగా నెన్నికైన జెస్సీ రొబ్రేడో అట్టివారిలో నొకడు. ఆయన సుగుణములను కొనియాడినవారు పెక్కురు గలరు. మేము ఆయన హయామున వెలసిన యొక నగరశాసనమును గూర్చి ప్రధానముగా ముచ్చటింప దలచితిమి. మనుష్యుని గొప్పతనము కంటె అతడు విడిచిపోయిన కట్టుబాటు గొప్పదని మా యభిప్రాయము.

లూజాను ద్వీపపు దక్షిణభాగమున, బికోల్ సీమలో నున్నది నాగా. స్పెయిను దేశీయులు 16వ శతాబ్దమున నెలకొల్పిన ప్రాచీన నగరము. పెన్యఫ్రాన్సియా మాత యుత్సవమునకు యాత్రికులు తండోపతండములుగా చేరు పుణ్యస్థలము. ఇంతటి పేరున్న యూరు 1988 నాటికి దీనావస్థలో నుండెను. జనసంఖ్య ఇంచుమించు 1,20,000. వ్యాపారవీథులలో బండ్లు కదలుటకు చోటు లేదు. జూదపు ముఠాలకు అడ్డు లేదు. బీదలు వేలకొలది ఖాళీస్థలములలో గుడిసెలు వేసికొని, ఎవరెప్పుడు పీకివేయుదురో యను భయమున కాలము గడుపుచుండిరి. ఆదాయము క్షీణించి, ప్రథమశ్రేణి నగరము తృతీయశ్రేణికి దిగజారెను.

ఆ యేట మేయరు పదవికి నిలిచి స్వల్పాధిక్యతతో గెలిచినప్పుడు రొబ్రేడో వయస్సు 29 సంవత్సరములు. 1958 మే 27న ఆ నగరముననే జన్మించి, మనీలాలోని దె లా సాల్ విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రము నభ్యసించి, సాన్ మిగెల్ కంపెనీలో నుద్యోగము చేసినవాడు. 1986లో మార్కోసు నియంతృత్వము కూలిన పిమ్మట స్వస్థలమునకు మరలి, బికోల్ నదీప్రాంతాభివృద్ధి ప్రణాళికకు నాయకత్వము వహించెను. వంశబలము లేనిదే గద్దె దొరకుట దుర్లభమైన దేశమది. ఆయనకును మొదట నట్టి యండ యొకటి లభించినది. ఆ ప్రాంతమున మిక్కిలి పలుకుబడిగల లూయిస్ విల్లఫ్వెర్తె ఆయనకు బంధువు. తొలి యెన్నికలో ఆశ్రయదాత.

పదవి చేపట్టగనే ఆయన చేసిన పనులు పైకి చూడ సామాన్యములు. సిఫారసుపై గాక యోగ్యతనుబట్టి నగరోద్యోగులను నియమించు పద్ధతిని ప్రవేశపెట్టెను. జూదగృహములను మూయించెను. బస్సుల నిలయమును నగరమధ్యమునుండి వెలుపలికి మార్పించెను. దానితో అంగళ్లవీథులకు ఊపిరి యాడినది, పొలిమేరలలో క్రొత్త వ్యాపారములు లేచినవి. రెండేండ్లలోపల, 1990 నాటికి, నాగా తిరిగి ప్రథమశ్రేణి కెక్కినది. తుపాను వెలిసిన మరునాడు మేయరు స్వయముగా పార పట్టి వీథులలోని బురద నెత్తుచుండుట ఆ యూరివారికి పరిచితమైన దృశ్యము. కాలికి సామాన్యమైన చెప్పులు, ఒంటికి సామాన్యమైన దుస్తులు. ఆయన నడవడికి ఆ చెప్పులే గుర్తుగా నేటికిని ఆ దేశీయులు చెప్పుకొందురు.

గుడిసెలవారి విషయమున ఆయన త్రొక్కిన దారి విశేషముగా గమనింపదగినది. 1989లో ప్రారంభమైన ‘కాఆంతబాయ్ సా కౌస్వగన్’ అను పథకమునకు ‘అభివృద్ధిలో భాగస్వాములు’ అని యర్థము. స్థలముల యజమానులు, బీదల సంఘములు, నగరపాలకవర్గము ఒక్కచోట కూర్చుండి బేరమాడుకొనుట దాని పద్ధతి. ఒకచోట స్థలమును కొనిరి, వేరొకచోట పంచుకొనిరి, మరియొకచోట మార్చుకొనిరి. బలాత్కారముగ తొలగించుటకు మారుగ, నిలువ నీడను న్యాయముగ సంపాదించుకొను మార్గము బీదలకు దొరకినది.

ఇంతలో ఆశ్రయదాతతో విరోధము పొసగెను. 1992 ఎన్నికలలో విల్లఫ్వెర్తె పక్షము ఆయనను ప్రతిఘటించినది. ప్రజలు రొబ్రేడోను మాత్రమే గాక ఆయన పక్షమువారి నందరిని గెలిపించిరి. నగరసభలో ప్రతిపక్షము లేకుండ బోయెను. ఇట్టి విజయము పాలకునికి వరమువలె కనబడు శాపము. ఎదురు చెప్పువాడు లేని సభలో మంచివాడును క్రమముగా చెడును. చెడకున్నను, అతని వెనుక వచ్చువాడు ఆ యేకచ్ఛత్రమును వారసత్వముగా పొందును. రొబ్రేడో జీవితమున మాకు మిక్కిలి గౌరవము కలిగించు ఘట్టమిది. ఎన్నికలలో లేకుండ బోయిన ప్రతిపక్షమును, ప్రజలనుండియే సభలోనికి పిలువవలెనని నగరపాలకవర్గము సంకల్పించెను.

1995లో చేసిన నగరశాసనము ‘నాగా నగర ప్రజామండలి’కి చట్టబద్ధమైన స్థానము నిచ్చినది. రైతులు, కూలీలు, స్త్రీలు, గుడిసెలవారు, వర్తకులు మొదలగువారి సంఘము లన్నియు ఆ మండలిలో చేరవచ్చును. మండలి ప్రతినిధులు నగరసభా సంఘములలో కూర్చుండి చర్చింతురు. అచ్చట వోటు చేయుదురు. 1991 నాటి స్థానికపరిపాలనా చట్టము అభివృద్ధి మండలులు మొదలగు కొన్నింటిలో మాత్రమే ప్రజాసంఘములకు చోటు కల్పించినది. నాగా అంతకు మించి యడుగు వేసినది. న్యాయవాదవృత్తిలో నున్న మా దృష్టికి ఇందు ముఖ్యమైన దొకటే: ఆ ప్రతినిధులను మేయరు నియమింపడు, మండలియే ఎన్నుకొనును. నియమించువానికి తొలగించు నధికారమును ఉండును. తొలగింపబడుదునను భయముగలవాడు ప్రశ్నింపలేడు. తుదినిర్ణయము ఎన్నికైన సభదేయైనను, కాగితము సభకు పోకముందే పౌరుని కంట పడుట సామాన్యమైన రక్ష కాదు.

ఒక మేయరు వరుసగా మూడుమార్లకు మించి పదవి వహింపరాదని ఆ దేశపు నియమము. 1998లో ఆయన గద్దె దిగి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ప్రభుత్వపరిపాలనాశాస్త్రము చదువబోయెను. 2000లో రామన్ మెగసేసే బహుమానము ప్రభుత్వసేవ నిమిత్తము ఆయనకు లభించునప్పటికి మేయరు పదవిలో లేడు. పోచంపల్లిలో భూదానమున కంకురార్పణ చేసిన వినోబాభావే 1958లో నందుకొన్న బహుమానమే యిది.

2001లో ప్రజలాయనను తిరిగి పిలిచిరి. 2010 వరకు మరల సేవించెను. ఏ కార్యాలయమున నే పని యెంతసేపటిలో జరుగవలెనో, రుసుమెంతయో, బాధ్యుడెవరో అచ్చువేసి పౌరులకు పంచిపెట్టించెను. నగరపు జమాఖర్చులను ఇంటర్నెట్టులో ప్రకటించెను. ఆయన తాత చైనానుండి వచ్చినవాడగుటచే, ఈతడు ఫిలిప్పైన్సు పౌరుడే కాడని ప్రత్యర్థులు వ్యాజ్యములు నడిపిరి, అవి నిలువలేదు. 2010లో స్వరాష్ట్రపాలనకును స్థానికసంస్థలకును మంత్రియై, దేశమందలి స్థానికపాలకు లందరును తమ లెక్కలను బహిరంగపరుపవలెనని యుత్తరువు చేసెను. 2012 ఆగస్టు 18న సెబూనుండి నాగాకు వచ్చుచుండగా ఆయన యెక్కిన చిన్నవిమానము మస్బాతె తీరమున సముద్రమున కూలెను. మూడు దినములు గడచిన పిమ్మట గాని దేహము దొరకలేదు. ఆయన వయస్సు 54 సంవత్సరములు.

ఇచ్చట నొక యాక్షేపణ పుట్టును. ఆయన సతీమణి, న్యాయవాది, లెనీ రొబ్రేడో 2013లో కాంగ్రెసు సభ్యురాలై, 2016లో ఉపాధ్యక్షురాలై, 2022లో అధ్యక్షపదవికి పోటీచేసి యోడి, 2025లో నాగా మేయరుగా నెన్నికైనది. వంశపాలనను 1987 నాటి రాజ్యాంగము గర్హించినను, దానిని అరికట్టు చట్టము చేయుటకు కాంగ్రెసునకు దశాబ్దములు చాలలేదు. అట్టి దేశమున నిదియు నొక వంశపాలన కాదా యని యడుగువారిని మేము తప్పుపట్టము. ప్రజల వోటుతో గెలిచినదన్న సమాధానము చాలదు. విల్లఫ్వెర్తె వంశీయులును వోటుతోనే గెలిచిరి. భర్తను ప్రశ్నించుటకు శాసనము కల్పించిన హక్కు భార్యను ప్రశ్నించుటకును పనికివచ్చునా యనునదే సరియైన పరీక్ష. ప్రజామండలి ఆ హక్కును జంకు లేక వాడుకొన్ననాడు రొబ్రేడో గెలిచినట్లు. పేరునకు మొగమోటపడి నోరు మూసికొన్ననాడు, ఎన్ని విగ్రహములు నిలిపినను ఆయన యోడినట్లే.

పాలకుని పుణ్యము అతనితోనే పోవును. పౌరునికి కూర్చుండుటకు పీఠమును, మాటాడుటకు హక్కును ఏర్పరచిన శాసనము నిలుచును. అదియు, పౌరుడు వచ్చి ఆ పీఠమున కూర్చున్నప్పుడు మాత్రమే. ఖాళీపీఠము ఎట్టి పాలకుని భయపెట్టగలదు?