తెలిసినంతవఱకే పేరు

ఆదాము సమస్త జీవులకు పేర్లు పెట్టెనని ఆదికాండము చెప్పుచున్నది. పేరు పెట్టుట మనుష్యునకు తొలినాటి పని. సరియైన పేరు పెట్టుట నేటికిని కష్టమైన పని. అమెరికా, యూరోపు ఖండములయందు అనేకులు తమ యిండ్లలో గాజు తొట్లను ఉప్పునీటితో నింపి పగడములను పెంచుచున్నారు. క్రొత్త పగడము ఇంటికి వచ్చినతోడనే వారడుగు ప్రశ్న, ‘ఇది ఏ జాతి?’ అనునది. ఈ ప్రశ్నకు జవాబెట్లుండవలెనో మా అభిప్రాయమును పాఠకులకు మనవి చేయుచున్నాము.

పగడమనగానే మనకు హారములలోని ఎఱ్ఱని పూస జ్ఞప్తికి వచ్చును. అది ముఖ్యముగా మధ్యధరా సముద్రమున దొరకు వేఱొక తెగ. దిబ్బలు కట్టు పగడములు వేఱు. ఇవి రాళ్లవలె కనబడినను జంతువులు. పాలిప్ అను చిన్న మెత్తని ప్రాణి తన క్రింద సున్నపు గిన్నెను కట్టుకొనును. దాని దేహమునందు సూక్ష్మమైన శైవలములు నివసించి, వెలుతురు సాయమున ఆహారము సిద్ధపఱచి దానికి పెట్టును.

వీనిని గుర్తించుట ఏల కష్టము? ఒకే జాతి పగడము అలల తాకిడిలో పొట్టిగాను మందముగాను, నిశ్చలమైన నీటిలో పొడవుగాను సన్నముగాను పెరుగవచ్చును. రంగును నమ్మరాదు; అది వెలుతురునుబట్టి మాఱును, నీలి దీపముల క్రింద మఱింత మాఱును. పూర్వపు పండితులు జాతులను విభజించినది చాలవఱకు ఎండిన సున్నపు గిన్నెలను, వానిలోని పలుచని అడ్డుగోడలను చూచి. బ్రదికియున్న పగడమున ఆ గిన్నెలు మాంసముచే కప్పబడియుండును. ఇక అంగడివారు పెట్టు ముద్దుపేర్లు సరకును అమ్ముటకే గాని జాతిని తెలుపుటకు కావు.

పండితులును తమ పేర్లను దిద్దుకొనుచునే యున్నారు. సుత్తివంటి కొనలుగల స్పర్శకములతో తొట్లలో ప్రసిద్ధికెక్కిన యూఫిల్లియా ఆంకోరా అను పగడమును 2017లో ఫింబ్రియాఫిల్లియా అను ప్రజాతిలోనికి మార్చిరి. దాని అస్థిపంజరమును, దాని బంధువైన డివైసా జాతి అస్థిపంజరమును చూచి వేఱుపఱచుట మిక్కిలి కష్టము; సజీవమైన స్పర్శకములను చూచినచో భేదము తెలియును. ఇచ్చట మాత్రము ఎండిన నమూనా గల పండితునికంటె తొట్టి యజమానునకే అనుకూలము హెచ్చు.

‘పేరు తప్పైన నేమి నష్టము?’ అని కొందఱందురు. నష్టము కలదు. పాలిథోవా అను మెత్తని జీవులు చూపునకు పగడపు పూవులవలె నుండును. వీనినుండి 1971లో హవాయి విశ్వవిద్యాలయపు మూర్, షోయర్ అను శాస్త్రజ్ఞులు అతి తీవ్రమైన విషమును వేఱుచేసి ప్రకటించిరి. ఇట్టి జీవులున్న రాతిపై మరుగునీరు పోసి, ఆ ఆవిరిని పీల్చి, ఆసుపత్రుల పాలైన కుటుంబముల సంగతి వైద్య పత్రికలలో కలదు. వీనిని పోలిన నిరపాయమైన జీవులును ఉన్నవి. కావున ‘ఇది నిరపాయమైనదే’ యని ఊహించి పేరు పెట్టువాడు ఇంటివారి ప్రాణములతో జూదమాడుచున్నాడు. ‘నాకు నిశ్చయముగా తెలియదు’ అనువాడు చేతులకు తొడుగులు, కన్నులకు అద్దములు ధరించి బ్రదుకును.

పేరు చట్టమునకును అవసరమే. రాతి పగడముల అంతర్జాతీయ వర్తకము సైటిస్ అను ఒడంబడికచే కట్టుబడియున్నది. ఆ ఒడంబడికయే, జాతి తేల్చుట దుస్తరమైన పెక్కు పగడములకు అనుమతి పత్రములలో ప్రజాతి నామము మాత్రము వ్రాసిన చాలునని అంగీకరించుచున్నది. చట్టమునకు చాలిన నిజాయితీ గృహస్థునకు చాలదా? మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునందు దిబ్బలు కట్టు పగడములన్నియు 2001లో మొదటి షెడ్యూలున చేర్చబడినవి. కనుక మన్నారు సింధుశాఖలోనో అండమానులోనో వానిని చూచి ఆనందింపవలెనే గాని, పెఱికి తెచ్చి తొట్టిలో వేయరాదు.

మా అభిప్రాయమిది. పగడమును తెల్లని వెలుతురులో చూడవలెను. ప్రక్కన కొలబద్ద నుంచి ఛాయాచిత్రము తీయవలెను. గిన్నెల వెడల్పు, అవి ఒకదానినొకటి అంటియున్నవో విడిగా నున్నవో, స్పర్శకముల కొనలు ఎట్టివో, అది ఏ సముద్రమునుండి వచ్చినదో వ్రాసికొనవలెను. అప్పటికి ప్రజాతి మాత్రమే తేలినచో, ‘అక్రోపోరా, జాతి తెలియదు’ అని నిస్సంకోచముగా వ్రాయవలెను. ఊహించి చెప్పిన పూర్తి పేరుకంటె, చూచి చెప్పిన సగము పేరు మేలు. మొదటిది విచారణకు తలుపు మూయును, రెండవది తెఱచియుంచును.

విద్యార్థులారా, పరీక్షాపత్రమునందైనను, సాక్ష్యము చెప్పునప్పుడైనను, పొరుగువానిని గూర్చి మాటలాడునప్పుడైనను ఈ నియమమే మనకు వర్తించును. తెలిసినంతవఱకు స్పష్టముగా చెప్పుదము, తెలియనిచోట ఆగుదము, ఆగినచోటనుండి వెదకుదము.