ఊరు పెరిగినది, బాట పెరగలేదు



గత వర్షాకాలంలో డిగ్రీ పరీక్షలు జరుగుతున్న ఒక ఉదయం, మా విద్యార్థిని ఒకతె పరీక్ష ఆరంభమైన ఇరువది అయిదు నిమిషాలకు హాలు ద్వారం వద్దకు వచ్చి నిలబడినది. బురఖా అంచులు మోకాళ్ళ దాక తడిసి ఉన్నవి. ఆమె ఇల్లు పాత గుంటూరులో. ఎక్కి వచ్చిన ఆటో మూడు వంతెనల వద్ద నీటిలో ఆగిపోగా మిగిలిన దూరం నడచి వచ్చినది. ఇంకొక అయిదు నిమిషాలు గడచి ఉంటే నిబంధన ప్రకారం ఆమెను లోనికి రానిచ్చే అధికారం మాకు ఉండేది కాదు. ఆ పిల్ల పరీక్ష వ్రాసినది. కాని ఆనాటి నుండి రోడ్ల సంగతి నగరపాలక సంస్థవారి సంగతిగా గాక, కళాశాల సంగతిగానే మాకు తోచసాగినది. అందుకే ఈ నాలుగు మాటలు.

గుంటూరు నగర పటాన్ని ఒకసారి ముందు పెట్టుకొని చూడండి. రైలుకట్ట ఊరిని రెండు చెక్కలు చేసినది. ఒక ప్రక్క పాత గుంటూరు, లాలాపేట, పట్నంబజారు, కొత్తపేట, పెద్దాసుపత్రి. రెండవ ప్రక్క అరండల్‌పేట, బ్రాడీపేట, లక్ష్మీపురం, పట్టాభిపురం. ఆంగ్ల దొరల పేర్లు మోస్తున్న ఆ పేటలలో గీత గీచినట్లు లైన్లు, అడ్డరోడ్లు ఉన్నవి. జట్కాలు, ఎడ్లబండ్లు తిరిగే కాలానికి అవి చాలినంత విశాలమైనవే. ఈ ఊరికి మునిసిపాలిటీ 1866లో ఏర్పడినది, నగరపాలక సంస్థ 1994లో. 1971లో సుమారు 2.70 లక్షలుగా ఉన్న జనాభా 2011 నాటికి 6.47 లక్షలకు పెరిగినది. మరుసటి ఏడు చుట్టుపట్ల పది గ్రామాలు నగరంలో కలిసినవి. 2014 తరువాత అమరావతి రాజధాని అనేసరికి, ఇక్కడి ఇంటి స్థలాల ధరలు, అద్దెలు, వాహనాలు ఒకదానితో ఒకటి పందెం వేసుకొన్నవి. రైలుకట్టను దాటే దారులు మాత్రం తాతలనాటివే.

ఆ దారులలో ముఖ్యమైనది శంకర్ విలాస్ వంతెన. ఒక హోటలు పేరు వంతెనకు స్థిరపడిపోవడం గుంటూరువారి భోజనప్రియత్వానికి నిదర్శనమేమో! 1950ల నాటి ఆ వంతెనను 2025 ఆగస్టులో మూసివేసి, కేంద్ర ప్రభుత్వం మంజూరు చేసిన సుమారు 98 కోట్ల రూపాయలతో క్రొత్త వంతెన పనికి పూనుకొన్నారు. పాతది ఇరుకైనది, అలసినది. దానిని మార్చవలసినదే, సందేహం లేదు. కాని దానిపై నడిచిన వాహనాలన్నీ ఒక్కసారిగా కంకరగుంట వైపు, మూడు వంతెనల వైపు మళ్ళినపుడు ఏమి జరుగునో ఊహించడానికి ఇంజనీరింగు చదువు అవసరం లేదు. ముందుగా రైలుకట్ట క్రింది నుండి దారి ఏర్పరచి, ఆ పిమ్మట పాత వంతెన జోలికి వెళ్ళవలెనని పట్టణంలో కొందరు వాదించారు. ఆ వాదనలో న్యాయం ఉన్నదనే మా అభిప్రాయం. ఇల్లు మరమ్మతు చేసుకొనేవాడు సైతం వంటకు ఒక మూల చూసుకొని గాని పొయ్యి పడగొట్టడు గదా!

ఇంకొక మాట. వంతెన కట్టగానే చిక్కు విడిపోవునని అనుకోరాదు. విజయవాడలో 2020లో ప్రారంభమైన కనకదుర్గ వంతెన ఊరిలో పని లేక సాగిపోయే వాహనాలను పైనుండి పంపివేసినది గనుక ఫలితం కనబడినది. మన వంతెన ఎక్కేవారు ఎక్కడికీ సాగిపోయేవారు కారు. ఆసుపత్రికి, అంగడికి, కళాశాలకు వచ్చేవారు. వంతెన దిగగానే ఆగవలసినవారే. పైన వెడల్పయి, దిగిన చోట ఇరుకైతే గుంపు చోటు మారును, అంతే.

ఇక మిర్చి యార్డు. దీనిని గూర్చి కొంచెం విపులంగా వ్రాయక తప్పదు. జనవరి చివర నుండి మే వరకు పల్నాటి నుండి, ప్రకాశం నుండి, కర్నూలు నుండి, తెలంగాణ నుండి, కర్ణాటక నుండి ఎర్రని సరకు ఇక్కడికే వస్తుంది. పోటు మీద ఉన్న రోజున లక్ష టిక్కీలకు పైగా దిగుతాయి. టిక్కీకి నలుబది కిలోలు వేసుకొన్నా నాలుగు వేల టన్నులు. పది టన్నుల లారీలనుకొంటే నాలుగు వందల లారీలు. అవి యార్డుకు వచ్చేవి మాత్రమే. అమ్ముడైన సరకు మరల శీతల గిడ్డంగికో, రేవుకో, మరొక రాష్ట్రానికో పోవలెను. కనుక అదే బరువు మన రోడ్డుపై రెండుసార్లు, మూడుసార్లు నడుస్తుంది. ఆ దినాలలో చుట్టుగుంట సెంటరులో నిలబడినవాని కంటినీటికి ఘాటు కారణమో, పొగ కారణమో చెప్పడం కష్టం.

అయితే లారీని తిట్టి ప్రయోజనం లేదు. దాని ముందు కూర్చున్న రైతు రాత్రి అంతా వరుసలో మేలుకొని ఉన్నవాడు. ఆ సరకు మీదనే ఈ నగరంలోని కమీషను వ్యాపారి, హమాలీ, తొడిమలు తీసే ఆడకూలీ, చివరకు మన కళాశాలకు ఫీజు కట్టే తండ్రి బ్రతుకుతున్నారు. కావలసినది వేళల కట్టుబాటు. ఉదయం ఎనిమిది నుండి పది వరకు, సాయంత్రం నాలుగు నుండి ఏడు వరకు బరువు లారీలను ఊరి వెలుపల నిలపడానికి నీడ, నీరు, మరుగుదొడ్డి గల స్థలం చూపవలెను. స్థలం చూపకుండా నిలపడం రైతును శిక్షించడమే. అమరావతి చుట్టూ సుమారు 190 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి వేయాలని ప్రణాళిక వేశారు, సంతోషం. ఊరిలోపలి మహాత్మాగాంధీ ఇన్నర్ రింగు రోడ్డును మాత్రం దఫదఫాలుగా వేస్తూ వచ్చారు.

రోడ్డు అనగా పైన పోసిన తారు మాత్రమే కాదు. ఈ ఊరి పేరులోనే గుంట ఉన్నది. చుట్టుగుంట, సంగడిగుంట, కంకరగుంట అంటూ పేటల పేర్లలోనూ గుంటలున్నవి. పూర్వం వాననీరు చేరిన ఆ గుంటల మీద ఇళ్ళు కట్టి, ఇపుడు నీరు రోడ్డు మీదికి వచ్చినదని ఆశ్చర్యపడుతున్నాము. భూగర్భ మురుగుకాలువల కొరకు త్రవ్విన వీధులు ఎన్నాళ్ళు గుంతలుగా పడి ఉన్నవో ఎవరూ మరువలేదు. 2018 మార్చిలో ఆనందపేట పరిసరాలలో త్రాగునీరు కలుషితమై అతిసారం ప్రబలి పలువురు మరణించారు. ఆ జనాజాలు మన వీధుల నుండే వెళ్ళినవి. అందుచేత ఏ వీధినైనా వెడల్పు చేసేముందు దాని క్రింద ఏ గొట్టం ఎక్కడ ఉన్నదో తెలుసుకొనవలెనని మేము కోరడం అతిశయం కాదు.

విస్తరణలో స్థలం పోగొట్టుకొనేవారి మాట. నగదుకు బదులు టి.డి.ఆర్. బాండ్లు ఇచ్చే పద్ధతి మన రాష్ట్రంలో కలదు. నాలుగు అంతస్తులవాడు దానితో ఇంకొక అంతస్తు లేపుకొంటాడు. లాలాపేటలో పది గజాల కొట్టులో కుట్టుమిషను పెట్టుకొన్నవాడు దానిని ఏమి చేసుకొంటాడు? దళారికి అయినకాడికి అమ్ముతాడు. చిన్న కొట్టువారికి నగదే ఇవ్వవలెను.

ఇంతవరకు ఇతరులను అన్నాము. మన సంగతి? శుక్రవారం జుమా నమాజు వేళ మసీదుల ముందు మనము వాహనాలు నిలిపే తీరు చూచి సిగ్గుపడిన సందర్భాలున్నవి. బాటలోని ముల్లును తీసివేయడం ఈమానులో భాగమని చిన్ననాడు మదరసాలో నేర్చుకొన్నవారమే మనము ముల్లుగా మారితే ఎట్లు? మురుగుకాలువ మీద అరుగు కట్టని అంగడి మన వీధిలో ఎన్ని? మహాత్మాగాంధీ రోడ్డు మీద జిన్నా టవరు నిలిచి ఉన్న నగరం ఇది. 2022లో ఆ టవరు పేరు మీద, రంగు మీద ఎంతో రభస జరిగినది. దాని చుట్టూ కాలినడకన పోయేవానికి అడుగు పెట్టే చోటు ఉన్నదా అని అడిగినవారు మాత్రం మాకు కనబడలేదు.

సిటీ బస్సుల మాట తలచుకొంటేనే నవ్వు వస్తుంది. 2025 ఆగస్టు 15 నుండి స్త్రీలకు సిటీ ఆర్డినరీ బస్సులలోనూ ప్రయాణం ఉచితమైనది. మంచి పని. కాని బస్సు రావలెను గదా! మన ఆడపిల్లలు నేటికీ ఆటోలలో ఇరికి కూర్చుండి, నెలకు ఒక పుస్తకం ఖరీదు దారి ఖర్చుగా ఇస్తున్నారు. ఆటో నడిపేవారిలోనూ మన పేటల బిడ్డలే అనేకులు గనుక ఈ విషయం నోట రావడం కష్టమే. అయినా పాత గుంటూరు నుండి కళాశాలల వేళకు నాలుగు బస్సులు నడిస్తే, నాలుగు పదుల ఆటోల జాగా మిగులుతుంది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు మొదటి పీరియడును అరగంట ముందుకు జరిపితే లారీల వేళ తప్పిపోతుంది. గేటు ముందు వాహనాలు నిలపకుండ లోపలి ఖాళీ స్థలాన్ని చదును చేయించవచ్చు. విద్యార్థులకు కూడ ఒక పని చెబుతాము. అర్థశాస్త్రం చదివేవారు మూడు రోజుల పాటు ఉదయం ఎనిమిది నుండి పది వరకు మూడు వంతెనల వద్ద నిలిచి, ఎన్ని లారీలు, ఎన్ని ఆటోలు, ఎన్ని బస్సులు, కాలినడకన ఎందరు అని వ్రాసుకొని రావలెను. ఆ లెక్కను ఉర్దూలోనూ తెలుగులోనూ వచ్చే సంచికలో ప్రకటించి, ఒక ప్రతిని నగరపాలక సంస్థకు పంపుదాము. నోటు పుస్తకాల ఖర్చు మేము పెట్టుకొంటాము.