నీటి క్రింద గట్లు

ఇంగ్లండు దేశపు తూర్పు తీరమున నార్‌ఫోక్ అను జిల్లా కలదు. అచ్చట బ్యూర్, యాంట్, యేర్ మొదలైన చిన్న నదుల ప్రక్కన లోతు తక్కువైన చెరువులు నలుబదికి పైగా ఉన్నవి. వానిని బ్రాడ్స్ అందురు. జమ్ము, రెల్లు, నీటిపక్షులు, పడవలు చూచిన మనవారికి కొల్లేరు జ్ఞప్తికి వచ్చును. కాని కొల్లేరు ప్రకృతి సిద్ధమైనది. ఆ చెరువులు మనుష్యులు తవ్విన గోతులు. ఈ సంగతి ఆ దేశస్థులకే 1950 తరువాత గాని రూఢిగా తెలియలేదు.

వారు తవ్వినది పీట్ అను మట్టి. నీరు నిలిచిన చోట రెల్లు, తుంగ, చెట్ల కొమ్మలు పడి, గాలి సోకక, పూర్తిగా కుళ్ళక, పొరమీద పొరగా పేరుకొనిన నల్లని పదార్థమది. ముక్కలుగా కోసి ఎండబెట్టినచో పిడకవలె మండును. ఒక మీటరు మందము ఏర్పడుటకు సుమారు వేయి సంవత్సరములు పట్టును.

1086లో ఆ రాజ్యమందు జరిగిన భూముల లెక్కలను బట్టి చూడగా, ఆ ప్రాంతము మిక్కిలి జనసమ్మర్దము కలది, అడవి స్వల్పము. పొయ్యిలోనికి కట్టె లేదు. అందుచేత పన్నెండవ శతాబ్ది మొదలు పదునాలుగవ శతాబ్ది వరకు ఊరూరా పీట్ కోసిరి. పైపొరకన్న అడుగున, కొమ్మలు కలిసిన పొర బాగుగ మండును గనుక పది పన్నెండడుగుల లోతునకు దిగిరి. పిమ్మట సముద్రమట్టము హెచ్చినది. 1287లో పెద్ద ఉప్పెన వచ్చినది. గోతులలోని నీరు తోడుట వశము కాలేదు. మఠముల పద్దులలో పీట్ రాబడి తగ్గి, చేపల రాబడి కనబడసాగెను. పదునైదవ శతాబ్ది నాటికి తవ్వకము దాదాపు ముగిసినది. పద్దులు పద్దులలోనే ఉండిపోయినవి. ఊరి నోట ఆ మాట నిలువలేదు. కొన్ని తరములకు అవి దేవుడిచ్చిన చెరువులైనవి.

1952లో జెన్నింగ్స్ అను భూగోళ శాస్త్రజ్ఞుడు సైతము అవి సహజమైనవేనని వ్రాసెను. జాయిస్ లాంబర్ట్ అను వృక్షశాస్త్రజ్ఞురాలు అంతటితో తృప్తి పడక, చేతి బరమాతో దగ్గర దగ్గరగా రంధ్రములు వేసి చూచెను. బురద క్రింద చెరువు అంచులు గోడవలె నిటారుగా ఉన్నవి. అడుగు చదునుగా ఉన్నది. నడుమ నడుమ తవ్వక విడిచిన సన్నని పీట్ గట్లు తిన్నగా సాగియున్నవి. వానిలో కొన్ని ఊళ్ళ పొలిమేరలతో సరిపోయినవి. నీరు తనంతట తాను త్రవ్విన చోట గట్లు మిగులవు గదా! 1960లో ఆమెయు, జెన్నింగ్సును, మరికొందరును కలిసి ఈ సంగతిని పుస్తకముగా ప్రకటించిరి. తన మాట తప్పని తేలగా ఎదుటివారితో చేయి కలిపిన ఆ పండితుని కూడ మెచ్చుకొనవలెను. మా శాఖవారికిని అది నేర్వదగిన గుణము.

మీరు పీట్ తవ్వుట లేదు, నిజమే. కాని ఇటుక బట్టీలకును, ఇళ్ళ స్థలముల మెరకకును పొలములోని పైమట్టిని అమ్ముచున్నారు. ఈ మధ్య డెల్టాలో ఒక రైతు తన వరి మడిలో ఒక మూల పైరు ఎప్పుడును పసుపు పారుచున్నదని నన్ను పిలిచెను. రెండు పంటలు జింకు సల్ఫేటు వేయించితిని, మురుగు తీయించితిని. గుణము కనబడలేదు. మూడవ ఏట గట్టుమీద కూర్చున్న ఒక ముసలాయన, "అక్కడ మట్టి మా చిన్నప్పుడే బట్టీకి పోయింది కదయ్యా" అనెను. పలుగుతో గుంట తీసి చూచితిని. ప్రక్క మడిలో జానెడు నల్లమట్టి ఉండగా, అచ్చట పైనుండియే జిగటమన్ను. ఆ రైతు ఆ భూమిని కొన్నవాడు. దస్తావేజులో ఈ ముక్క లేదు. ఆ ముసలాయన లేకున్నచో నేను ఇంకను మందులే చెప్పుచుందును.

అమ్ముకొనుటయే తప్పని నేననను. కాలువ నీరు ఎక్కని మెరకను తగ్గించుకొనుట మంచిదే. కూతురి పెండ్లికి అవసరము పడిన వానికి నేను నీతులు చెప్పజాలను. అయితే పై జానెడు మట్టిని ముందుగా ఒక ప్రక్కకు తీసి కుప్పపోసి, అడుగుమన్ను ఇచ్చి, పైమట్టిని మరల పరిపించుకొనవలెను. బట్టీవాడు ఒప్పుకొనడు, బేరము తగ్గునని కొందరందురు. తగ్గనిండు. పోయిన ఆ జానెడు మీ మనుమల కాలమునకైనను తిరిగి రాదు.

గ్రామాధికారులకు నా మనవి వేరు. ఏ సర్వే నంబరులో, ఏ సంవత్సరము, ఎంత లోతు మట్టి పోయినదో మీ వద్ద ఒక పుస్తకములో వ్రాసి యుంచుడు. అట్లు వ్రాయవలెనని నిబంధన ఎక్కడున్నదని అడుగవచ్చును. నిబంధన కొరకు ఆగినచో ముసలాయనలు ఆగరు.

అదే ఇంగ్లండులో, హోమ్ అను గ్రామము వద్ద, విట్లెసీ అను పెద్ద చెరువును ఎండగట్టిన 1851 ప్రాంతమున, ప్రక్కనున్న పీట్ నేలలో ఒక ఇనుప స్తంభమును పైకొన నేలకు సమముగా ఉండునట్లు పాతిరి. ఎండిన పీట్ కుదించుకొని, గాలి తగిలి క్షీణించి, ఆ స్తంభము నేడు సుమారు నాలుగు మీటర్లు బయట నిలిచియున్నది. నేల దిగుట అచ్చట పిల్లలకు కూడ కంటికి కనబడును. మీకు ఇనుప స్తంభము అక్కరలేదు. మట్టి తీయుటకు ముందు గట్టుమూలనున్న సర్వేరాతిమీద మడి మట్టమున ఉలితో ఒక గీత కొట్టించి, సంవత్సరము చెక్కించుడు. రాతి పనివానికి పావుగంట పట్టును.