కంప్యూటర్ శిక్షణలో ఏం నేర్పాలి?

వార్షిక పరీక్షలు ముగియగానే మన బస్తీలలో ఉచిత కంప్యూటర్ శిక్షణ కరపత్రాలు కనిపించడం మొదలవుతుంది. మసీదు కమిటీలు, యువజన సంఘాలు, నలుగురు చదువుకున్న మిత్రులు కలిసి ఈ భారాన్ని భుజాన వేసుకోవడం సంతోషించదగిన విషయం. అయితే ఆ కరపత్రాలలో ప్రారంభోత్సవానికి ఎవరు వస్తారు, సర్టిఫికెట్లు ఎవరి చేతుల మీదుగా ఇస్తారు అన్నవి పెద్ద అక్షరాలలో ఉంటాయి. ఏం నేర్పుతారన్నది చివరి పంక్తిలో చిన్న అక్షరాలలో ఉంటుంది. పిల్లవాడి రెండు నెలల కాలం ఏమవుతుందో నిర్ణయించేది ఆ పంక్తే కనుక దాని గురించి నిర్వాహకులతో, తల్లిదండ్రులతో కొంత వివరంగా మాట్లాడదలచుకున్నాము.

ఇప్పుడు ఎక్కువగా కనిపించే తరగతులు రెండు రకాలు. టైపింగు, ఎం.ఎస్. ఆఫీస్, టాలీ ఒక రకం. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్, క్లౌడ్, ఎథికల్ హ్యాకింగ్ వంటి ఆకర్షణీయమైన పేర్లతో వచ్చేవి మరో రకం. మొదటి రకాన్ని మేము చులకన చేయడం లేదు. టాలీ నేర్చుకుని హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు చూస్తూ ఇల్లు గడుపుతున్న యువకులు మన మధ్య ఎందరో ఉన్నారు. అది హలాల్ సంపాదన, గౌరవమైన పని. కాని ఆ కుర్చీలో కూర్చున్నవాడి ఎదుగుదల దుకాణం ఎదుగుదలను దాటదు. ఇక రెండవ రకం పునాది వేయకుండా పై అంతస్తు కడుతున్నది. క్లౌడ్ అంటే మరొకరి భవనంలో నడిచే సర్వరే. ఆ సర్వర్ ఎలా నడుస్తుందో తెలియనివాడికి క్లౌడ్ నేర్పడం ఎలాగో మాకు అర్థం కాదు.

ముస్లిం కార్మికులలో స్వయం ఉపాధిపై ఆధారపడేవారు ఎక్కువనీ, నెలజీతపు ఉద్యోగాలలో మన వాటా తక్కువనీ 2006లో సచార్ కమిటీ ఎత్తి చూపింది. ఆ మాటను మనం సభలలో ఇప్పటికీ వల్లిస్తూనే ఉన్నాం. నెలజీతపు కొలువు వైపు ఒక అడుగు వేయించగల శిక్షణ ఏది అని అడిగితే, మా సమాధానం లినక్స్, దానితో పాటు సర్వర్లను నిలబెట్టి నడిపే సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్.

1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ నేడు మన ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉంది. 2017 నవంబరు నుంచి ప్రపంచపు తొలి 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలోని ప్రతి యంత్రం దానిపైనే నడుస్తున్నది. విండోస్ తయారుచేసే మైక్రోసాఫ్ట్ వారి అజూర్ క్లౌడ్‌లోనే సగానికి పైగా యంత్రాలు లినక్స్‌వని ఆ సంస్థే ప్రకటించింది. ఇంత విస్తృతంగా వాడే వ్యవస్థకు లైసెన్సు రుసుము లేకపోవడం మన బోటి కేంద్రాలకు పెద్ద వెసులుబాటు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు తగని కంప్యూటర్లు కార్యాలయాలలోనూ ఇళ్లలోనూ మూలన పడుతున్నాయి. వాటిని అడిగి తెచ్చుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు. 4 జీబీ మెమరీ ఉన్న పాత యంత్రంపై డెబియన్ వేసి, దాని లోపలే రెండు చిన్న వర్చువల్ సర్వర్లను సృష్టించవచ్చు. విద్యార్థి వాటిని పాడుచేస్తే తుడిచేసి మళ్లీ వేసుకోవచ్చు. పాడుచేయడానికి భయపడనవసరం లేని యంత్రమే ఈ విద్యకు అసలైన పలక.

అయితే కరపత్రంలో లినక్స్ అని రాసినంత మాత్రాన సరిపోదు. పాత పుస్తకం విషయసూచికను ఎత్తి రాసి, మొదటి వారం చరిత్ర, రెండవ వారం వంద కమాండ్ల కంఠస్థం, మూడవ వారం కెర్నల్ కంపైల్ చేయడం అని నడిపిస్తే, విద్యార్థులు నాలుగవ వారానికి రారు. అంశాలను పుస్తకం నుంచి కాక, సర్వర్లకు వచ్చే జబ్బుల నుంచి ఎంచుకోవాలి.

డిస్కు నిండిపోవడాన్నే తీసుకుందాం. సర్వర్ కొత్తగా ఒక్క అక్షరం రాయలేకపోతున్నది. డీఎఫ్ అనే కమాండు డిస్కు 100 శాతం నిండిందంటుంది. డీయూతో ఫైళ్ల పరిమాణాలన్నీ కూడితే అందులో సగం కూడా రాదు. మిగిలిన స్థలం ఏమైనట్లు? ఎవరో ఒక పెద్ద లాగ్ ఫైలును తొలగించారు. కాని దానిని తెరిచి పట్టుకున్న ప్రోగ్రాము ఇంకా నడుస్తూనే ఉంది. అది వదిలేవరకు ఆ స్థలం ఖాళీ కాదు. ఎల్‌ఎస్‌ఓఎఫ్‌తో ఆ ప్రోగ్రామును కనిపెట్టి, ఆపి మళ్లీ నడిపిస్తే స్థలం తిరిగి వస్తుంది. మరోసారి చోటు ఉన్నట్లే కనిపిస్తుంది, అయినా ఫైలు పుట్టదు. లక్షలాది చిన్న ఫైళ్లు చేరి ఐనోడ్‌లు అయిపోయి ఉంటాయి. డీఎఫ్‌కు మైనస్ ఐ తగిలిస్తే గుట్టు బయటపడుతుంది. ఈ రెండు లోపాలనూ శిక్షకుడు కావాలనే సృష్టించి విద్యార్థుల చేత వెతికిస్తే ఫైల్ సిస్టమ్, ప్రాసెస్, లాగ్ అనే మూడు పాఠాలు కలిసి ఒంటబడతాయి. సర్వర్ నెమ్మదించింది, ముందుగా ఏం చూస్తావు అని ఇంటర్వ్యూలో అడిగినప్పుడు అక్కరకు వచ్చేది ఈ వెతుకులాటే.

అనుమతుల పాఠానికి కనీసం మూడు రోజులు ఇవ్వాలి. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. కనుక 640 అంటే యజమాని చదివి రాయగలడు, అతని బృందం చదవగలదు, ఇతరులకు ప్రవేశం లేదు. ఈ లెక్క పది నిమిషాలలో వస్తుంది. ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చుకోవడానికే రోజులు పడుతుంది. ఏ చిక్కు వచ్చినా 777 కొట్టి అందరికీ అన్నీ తెరిచేసే అలవాటు మన శిక్షణా కేంద్రాలలోనే మొదలవుతున్నది. తాళంచెవి పోయిందని తలుపునే పీకేయడం లాంటిది అది. రూట్ పాస్‌వర్డ్ చేతిలో ఉన్నవాడు కార్యాలయంలో అందరి ఉత్తరాలూ చదవగలడు. చదవకుండా ఉండడం అతని వృత్తి ధర్మం. అమానతు అన్న మాటకు అర్థం మన పిల్లలకు ఇంట్లోనే తెలుసు. దాన్ని ఈ పాఠంతో కలిపి చెప్పగల శిక్షకుడు దొరకడం అదృష్టం.

మిగిలినవాటిలో ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు, డీఎన్ఎస్, సిస్టమ్‌డీ సేవలు, క్రాన్ తప్పనిసరి. ఎఫ్‌స్టాబ్‌లో ఒక పంక్తి తప్పు రాసి, లేవకుండా పోయిన యంత్రాన్ని తిరిగి లేపడం ప్రతి విద్యార్థీ ఒకసారైనా చేయాలి. బ్యాకప్ విషయంలో తీయడం సగం పాఠమే. తీసిన దానిని ఖాళీ యంత్రంలోకి తిరిగి తెచ్చి చూపినప్పుడే మార్కులు వేయాలి. శిక్షకుడి నోట్సు ఇంకా సెంటాస్ 7 పైనే ఉంటే మార్చమని అడగండి. దానికి 2024 జూన్ 30తోనే మద్దతు ఆగిపోయింది. ఆల్మా, రాకీ, డెబియన్‌లలో ఏదైనా పరవాలేదు.

ఎథికల్ హ్యాకింగ్ గురించి మాత్రం నిష్కర్షగా చెప్పవలసి ఉన్నది. పదిహేడేళ్ల కుర్రవాడికి పునాది లేకుండా దాడి చేసే పరికరాలు చేతికిస్తే, అతడు వాటిని తన యంత్రంపైనే ప్రయోగిస్తాడన్న హామీ ఎవరిస్తారు? అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్‌లోకి చొరబడడం దురుద్దేశంతో చేశారని తేలితే, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. సరదా కోసం చేశానంటే పక్క బస్తీ కుర్రవాడిని మందలించి వదిలేయవచ్చు. మన కుర్రవాడి విషయంలో ఆ సరదాకు ఏ పేరు పెడతారో ఈ పత్రిక పాఠకులకు వివరించనక్కరలేదు. భద్రతపై ఆసక్తి ఉన్నవారికి రక్షణ నేర్పుదాం. లాగ్‌లు చదివి ఎవరు ఎన్నిసార్లు తప్పుడు పాస్‌వర్డ్ కొట్టారో పట్టుకోవడం, ఫైర్‌వాల్ కట్టడం, ఎస్‌ఈలినక్స్‌ను ఆపివేయకుండా దానితో పనిచేయించుకోవడం నేర్పుదాం. ఇవి వచ్చినవాడిని సంస్థలు పిలిచి పని ఇస్తాయి.

ఉర్దూ మాధ్యమంలో చదివినవారు, ఇంటర్ దగ్గర ఆగిపోయినవారు ఇంగ్లీషును చూసి జంకుతారు. కమాండ్లు ఇంగ్లీషులోనే ఉంటాయి, వివరణ మాత్రం తెలుగులోనో మన దక్కనీ ఉర్దూలోనో ఎందుకు ఉండకూడదు? రోజుకు పది దోష సందేశాలను చదివించి వాటి భావాన్ని సొంత మాటలలో చెప్పించండి. ఐ.ఐ.టి. బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలను తెలుగు సహా అనేక భారతీయ భాషలలో ఉచితంగా అందిస్తున్నారు. స్వేచ్ఛ సంస్థ హైదరాబాదు కేంద్రంగా లినక్స్‌ను తెలుగులోకే తెచ్చింది. ఆడపిల్లల కోసం జుహర్ తర్వాత ఒక బ్యాచ్ పెట్టడం కష్టమేమీ కాదు. సర్వర్ ఎక్కడ ఉన్నా దూరం నుంచి నడిపే వీలున్న పని ఇది. అదే సమయంలో ఈ ఉద్యోగాలలో రాత్రి షిఫ్టులు ఉంటాయన్న సంగతి తల్లిదండ్రులకు మొదటి రోజే చెప్పాలి. ఉద్యోగం వచ్చాక ఇంట్లో వద్దంటే ఆ అమ్మాయి శ్రమ వృథా అవుతుంది.

చివరగా సర్టిఫికెట్ల సంగతి. రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షలో సరైన జవాబుకు టిక్కు పెట్టే ప్రశ్నలు ఉండవు. నడుస్తున్న యంత్రంపై పనులు చేసి చూపాలి, యంత్రాన్ని ఆపి మళ్లీ లేపినా చేసిన పని నిలిచి ఉండాలి. మేము పైన చెప్పిన పద్ధతిలో నేర్చుకున్నవారు దానికి సిద్ధంగానే ఉంటారు. కాని ఫీజు వేలల్లో ఉంటుంది, రోజు కూలీ ఇంటికి అది మోయలేని బరువు. ముగింపు సభకు, షీల్డులకు, శాలువాలకు వెచ్చించే సొమ్మును పక్కన పెట్టి, బ్యాచ్‌లో చక్కగా రాణించిన ఇద్దరికి ఆ ఫీజు కట్టమని నిర్వాహకులను కోరుతున్నాము. చాలనిచోట స్థానిక బైతుల్‌మాల్ బాధ్యులను కలవండి.