చలాన్‌కు డిస్కౌంట్ కాదు, జవాబు కావాలె

పోస్టు కొంచెం పెద్దదే, కానీ బండి ఉన్న ప్రతి ఇంటికీ పనికొచ్చే ముచ్చట. చివరిదాకా చదవండి.

పోయిన నెల మా బాపు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. శ్రీశైలం రోడ్డు మీద ఓవర్ స్పీడ్ అని 1000 ఫైన్, పైన చార్జీలు 35. బాపుకు చదువు రాదు. ఫోన్ పట్టుకొని అచ్చంపేటకు, మా హాస్టల్ కాడికి వచ్చిండు. "నువ్వు కాలేజీల సదువుతున్నవు గద బిడ్డా, ఇదేందో చూడు" అన్నడు. 1035 అంటే మా అమ్మకు మూడు రోజుల పత్తి కూలి. బాపు బండిని నలభై దాటనియ్యడు. ఇది తప్పుడు చలానే, ఎట్లయినా కొట్టేయించాలె అనుకున్న.

హాస్టల్ల అడిగితే అందరిదీ ఒకటే మాట: "కట్టకురా, మళ్ల డిస్కౌంట్ ఇస్తరు." నిజమే, 2022 మార్చిలో బైకులకు 75 శాతం తగ్గించిన్రు, 2023 డిసెంబర్‌లో 80 శాతం. నాకు మాత్రం ఇది నచ్చలే. తప్పు చేయనోడు ఆ 20 శాతం మాత్రం ఎందుకు కట్టాలె? తప్పు చేసినోడికి 80 శాతం మాఫీ ఎందుకు? అసలు ఆ చలాన్ సరైనదేనా అని అడిగేటోడే లేకుండ పోతున్నడు.

మూడు రాత్రులు కూసొని ఫోన్ల చట్టం చదివిన. 1988 మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ ప్రకారం, "స్పీడుగ పోయినట్టు నాకు అనిపించింది" అని ఒక్క సాక్షి చెప్తే శిక్ష వేయరాదు, యంత్రంతో కొలిచిన లెక్క ఉండాలె. 2021 ఆగస్టులో కేంద్రం 167ఏ అని రూల్ తెచ్చింది. దాని ప్రకారం కెమెరాకైనా స్పీడ్ గన్‌కైనా ఏటా రెన్యువల్ అయ్యే సర్టిఫికెట్ ఉండాలె. కెమెరా ఉందని ముందుగాల బోర్డు పెట్టాలె. ఫొటోల నంబర్ ప్లేటు కనపడాలె. కొలిచిన స్పీడు, తేదీ, టైము, స్థలం ఉండాలె. నోటీసు 15 రోజుల లోపల పంపాలె.

ఇగ గెలిచినట్టే అనుకొని, సైట్‌ల బండి నంబర్ కొట్టి ఫొటో తెరిచిన. బండి మీద ఉన్నది నేనే. పరీక్షకు లేటైతుందని తండా నుంచి బాపు బండి తెచ్చిన రోజు అది. తేదీ, టైము, స్పీడు అన్నీ ఉన్నయి. మెసేజ్ మూడో రోజే వచ్చింది. ఆదివారం పోయి చూస్తే బోర్డులు కూడా ఉన్నయి. సర్టిఫికెట్ చూపెట్టమని అడిగే హక్కు ఇంకా ఉంది. కానీ నేను ఉరికిచ్చింది నాకు ఎరుకే. బాపుకు చెప్పిన. "పైసలు పోతే పోయినయి, మెల్లగ రా బిడ్డా" అన్నడు. రెండు ఫంక్షన్లకు క్యాటరింగ్ పనికి పోయి కట్టేసిన.

తండాల ఈ ముచ్చట చెప్తుంటే మా కాక ఒకాయన తన ఫోన్ తెచ్చి ఇచ్చిండు. ఆయనది పాత ఎక్సెల్ బండి, ఎంత గుంజినా అరవై రాదు. చలాన్‌ల మాత్రం 92 అని ఉంది. ఫొటో తెరిస్తే అందుల బుల్లెట్! నంబర్‌ల ఒక అంకె తప్పు కొట్టిన్రు. డిస్కౌంట్ వస్తే కడదామని కాక ఏడాదిగ ఆగుతున్నడు, బండి గుంజుకుంటరేమోనని భయపడుకుంట. ఫొటో, బండి కాగితాలు పెట్టి దరఖాస్తు రాసిచ్చినం. ఇంకా జవాబు రాలే.

రాకుంటే కోర్టుకు పోతం. వకీలుకు పైసలెక్కడివి అంటరా? 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండ ఉచితంగ వకీలును ఇయ్యాలె. 15100 నంబర్‌కు ఫోన్ చేయొచ్చు.

మన ఇండ్లల్ల సర్కారు కాగితం అంటేనే భయం. ఇన్నేండ్లు అది చదివి చెప్పేటోళ్లు లేకుండె. ఇప్పుడు మనం ఉన్నం. ఈసారి ఇంటికి పోయినప్పుడు మీ తండాల, పెంటల చలాన్ ఉన్నోళ్లకు ముందుగాల ఆ ఫొటో తెరిచి చూపెట్టండి. తప్పు మనదైతే పూర్తిగ కడదాం. కాకపోతే ఒక్క రూపాయి కూడా కట్టొద్దు.