నోట్లో నాలుక లేని పిల్ల

పెళ్ళిచూపుల్లో మనవాళ్ళు పిల్లని పొగిడే పద్ధతొకటుంది. "మా అమ్మాయికి నోట్లో నాలుక లేదండీ!" ఈ మాట విన్నప్పుడల్లా నాకు డెన్మార్క్ రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1837లో ప్రచురించిన సాగరకన్య కథ గుర్తొస్తుంది. మనం మాటవరసకి అనేది అక్కడ నిజంగానే జరుగుతుంది. రాకుమారుడి కోసం కాళ్ళు కావాలన్న పిల్ల నాలుకని సముద్రపు మంత్రగత్తె కోసేస్తుంది. ఆ కాళ్ళతో వేసే ప్రతి అడుగూ కత్తుల మీద నడిచినట్టే. ఇంతా చేస్తే అతను ఆమెకిచ్చిన చోటు ఏమిటి? తన గది గుమ్మం బయట ఒక మఖమల్ దిండు. పెళ్ళి మాత్రం ఇంకో రాకుమారితో.

ఆండర్సన్‌తో నాకు పెద్ద పేచీ లేదు. ఆ బేరం ఎంత ఘోరమైనదో ఆయన దాచలేదు, నొప్పిని నొప్పిగానే రాశాడు. నా పోట్లాటంతా ఆ బేరానికే పంచదార పూసి పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లల చేతుల్లో పెడుతున్న వాళ్ళతో. 1989లో డిస్నీ వాళ్ళు తీసిన సినిమాలో కత్తుల నొప్పి మాయమైంది. పదహారేళ్ళ ఏరియల్ గొంతు తాకట్టు పెట్టి మూడు రోజుల్లో రాకుమారుడి ముద్దు సంపాదించాలి. చివర్లో గొంతు తిరిగొస్తుందనుకోండి. అన్నట్టు, తాకట్టు పెట్టేటప్పుడు ఆ పిల్ల ఒప్పందం మీద శుభ్రంగా సంతకం చేస్తుంది! సంతకం వచ్చిన పిల్లకి "నిన్ను కాపాడింది నేనే" అని ఒక చీటీ రాసివ్వాలని ఎందుకు తట్టలేదో? రాస్తే కథ అక్కడితో అయిపోతుంది. కథ నడవాలంటే ఆమె నోరు మూసుకునే ఉండాలి.

2005లో 'ట్విలైట్' వచ్చాక రక్తపిశాచాల ప్రేమకథలు టీనేజ్ పిల్లల్ని ఊపేశాయి. ఆ తర్వాత ప్రచురణకర్తల చూపు సముద్రం మీద కూడా పడింది. అలాంటి వాటిలో ఒకటి కియెరా కాస్ 'ది సైరెన్'. 2009లో ఆమె సొంతంగా వేసుకున్న నవల, 2016లో తిరగరాస్తే పెద్ద ప్రచురణ సంస్థ వేసింది. "పిన్నీ, ఏడవకుండా చదువు చూద్దాం" అని మా అక్క కూతురు నా చేతిలో పెట్టింది. మునిగిపోతున్న కేలెన్‌ని సముద్రం బతికిస్తుంది. బదులుగా ఆమె నూరేళ్ళు పాటపాడి మనుషుల్ని నీళ్ళలోకి లాగాలి. ఆమె గొంతు వింటే మనిషి చావే. కాబట్టి జనం మధ్య మూగదానిలా బతకాలి. అప్పుడొస్తాడు అకిన్లీ అనే కుర్రాడు. ఆమె నోటి నుంచి ఒక్క మాటైనా వినకుండానే ఆమెని ప్రేమిస్తాడు. ఎంత స్వచ్ఛమైన ప్రేమ అని మనం కళ్ళు తుడుచుకోవాలి! ఆడపిల్ల గొంతు విప్పితే కొంపలు మునుగుతాయని మా నాయనమ్మ కూడా అనేది. ఆవిడ దానికి ప్రేమ అని పేరు పెట్టలేదు, అంతే తేడా.

మా పిల్ల కన్నీళ్ళని నేను వెక్కిరించడం లేదు. యద్దనపూడి రాజశేఖరం కోసం దిండు తడిపిన తరం మాది. డిటెక్టివ్ నవలల మీద గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులే ఈ పుస్తకాల్ని "ఆడపిల్లల చెత్త" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తుంటారు. వాళ్ళ పక్కన నన్ను నిలబెట్టకండి. సముద్రం అడుగున వేరే లోకం ఉంటే బావుణ్ణని ఒక అమ్మాయికి అనిపించిందంటే పైనున్న ఈ లోకం ఆమెకి ఎలా ఉందో ఆలోచించాల్సింది మనం.

అసలు సైరెన్లు ఎవరు? హోమర్ 'ఒడిస్సీ'లో వాళ్ళు ఒడిస్సియస్‌కి ఎర చూపేది అందాన్ని కాదు, జ్ఞానాన్ని. ట్రాయ్‌లో జరిగిందంతా, భూమ్మీద జరిగేదంతా తమకి తెలుసునంటారు. పాతకాలపు గ్రీకు కుండల మీద వాళ్ళకి పక్షుల ఒళ్ళుంటుంది, చేప తోక కాదు. ఒడిస్సియస్ తను మాత్రం స్తంభానికి కట్టించుకుని ఆ పాట వింటాడు, తెడ్లు వేసే వాళ్ళ చెవుల్లో మైనం పెడతాడు. వినే హక్కు యజమానికే! అన్నీ తెలిసిన ఆడవాళ్ళని మగవాడి కోసం మూగనోము పట్టే అందగత్తెలుగా మార్చడానికి ఎన్ని వందల ఏళ్ళు పట్టిందో గానీ, పని మాత్రం పూర్తిగా జరిగింది.

పూర్తిగా అనకూడదేమో. 2011లో శారా పోర్టర్ రాసిన 'లాస్ట్ వాయిసెస్' ఉంది. అందులో మనుషుల చేతుల్లో హింసపడ్డ అమ్మాయిలే మత్స్యకన్యలవుతారు. వాళ్ళ పాటలో కోపం ఉంది. పద్నాలుగేళ్ళ లూస్ బాబాయి వరస వాడి చేతుల్లోంచి తప్పుకుని నీళ్ళలోకి జారేచోట నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. అలాంటి కథకి కూడా 2012లో రెండో భాగం వచ్చేసరికి ఒక కుర్రవాడు కావలసివచ్చాడు!

బెథనీ మారో 2020లో రాసిన 'ఎ సాంగ్ బిలో వాటర్' వేరే దారి పట్టింది. పోర్ట్‌లాండ్ ఊళ్ళో కథ. ఇందులో సైరెన్లందరూ నల్లజాతి స్త్రీలే. టావియా గొంతు దాచుకునేది ప్రేమ కోసం కాదు, భయంతో. ఆమె నోరు విప్పితే ప్రమాదం వినేవాడికి కాదు, ఆమెకే. ఎవరి గొంతుని ఎవరు, ఎందుకు ప్రమాదం అంటున్నారో ఈ నవల సూటిగా అడుగుతుంది. ప్రేమలూ ఉన్నాయి. అయితే కథని మోసేది టావియా, ఎఫీల స్నేహం. ఒకరి మాట ఒకరు వింటారు.

ఈ పుస్తకం ఇప్పుడు మా అక్క కూతురి దగ్గరుంది. "నీళ్ళ పుస్తకాలు ఆపి ఇంటర్ పుస్తకాలు తియ్యమను" అంటోంది మా అక్క. అదేమో ఎదురు సమాధానం చెబుతోందట.